ఇరవై ఒక్క ఆకులు

దేహమా, ఇవాళ పండుగ నీది.

పేరుకు తొట్టెల నాడు పండుగ చేశారు. చదువుకు అక్షరాభ్యాసం నాడు చేశారు. వయసుకు ఏటా కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు, ముఖానికి చౌరస్తాలో ఫ్లెక్సీ కడుతున్నారు. నీకంటూ ఏ వేడుకా లేకుండానే ఇవన్నీ ఇన్నేళ్ళూ మోశావు. పుట్టిన ఆ రోజున భూమ్మీదికి వచ్చింది నువ్వు. పేరు తర్వాత వచ్చింది. ఇంటిపేరు, బడి పేరు, కొలువు పేరు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. మొదటి ఊపిరి తీసింది నువ్వు, దాన్ని కేకగా విడిచిందీ నువ్వే. కాబట్టి ఈ పొద్దున కొత్త బట్టలు కాసేపు ఆగుతాయి. ముందు బూట్ల తాళ్ళు కట్టుకోవాలి. ముందు నువ్వు, నీ ఎదుట గౌడవెల్లి దారి, ఆ దారి పొడవునా ఇరవై ఒక్క కిలోమీటర్లు.

గౌడవెల్లీ, నిన్ను కూడా ఈ పూట పేరు పెట్టి పిలవాలి. హైదరాబాద్ నగరం నీ పొలిమేర దాటి లోపలికి వస్తూ ఉంది, సేద్యం ఇంకా పూర్తిగా సెలవు తీసుకోలేదు. ఒక పక్క వెంచర్ల హద్దురాళ్ళు, వాటి నడుమ మేసే బర్రెలు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఏ-షాహీ ద్రాక్ష పందిళ్ళు రాతి కడీల మీద నిలిచి ఉండేవి. ఆ తీపి తిన్నవాళ్ళు ఇప్పటికీ ఈ నేల పేరెత్తితే ముందు ద్రాక్షనే తలుచుకుంటారు. నిజాం ఏలుబడిలో మన్మాడ్ దిక్కుగా వేసిన రైలుదారి నీ మీదుగానే పోతుంది. అప్పుడది మీటర్ గేజ్, ఇప్పుడు బ్రాడ్ గేజ్, పైన కరెంటు తీగ. 2023 ఏప్రిల్ 8న ఎంఎంటీఎస్ రైలు మేడ్చల్ దాకా రావడం మొదలయ్యాక సికింద్రాబాద్, మల్కాజిగిరి, అమ్ముగూడ, బొల్లారం, గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి, మేడ్చల్ అంటూ ఒక్క ఊపిరిలో పలికే పేర్ల దండలో నీ పేరూ చేరింది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల రింగురోడ్డు. దాని మీద కాలినడకకు తావు లేదు, బైకుకు కూడా లేదు. దాని పక్కనే ఒదిగి నడిచే సర్వీసు రోడ్డు మీద మాత్రం పొద్దుగాల నాలుగున్నరకు కాళ్ళదే రాజ్యం.

ఈ దారి పక్కన బండరాళ్ళున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనిపించే దక్కను గ్రానైటు. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. వాటి ముందు నుంచి పుట్టినరోజు చేసుకుంటూ ఉరుకుతుంటే ముప్ఫై నిండినవాళ్ళూ అరవై నిండినవాళ్ళూ ఒకే ఈడు పసిపిల్లలు. పెరిగిన వయసును తలుచుకుని బెంగపడేవాళ్ళు ఒక్కసారి ఈ రాళ్ళ పక్కన నిలబడి చూడాలి.

దూరం సంగతి చెప్పుకుందాం. 1908లో లండన్ ఒలింపిక్స్‌కు మారథాన్ దారి గీసినవాళ్ళు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. అలా వచ్చిన కొలత 42.195 కిలోమీటర్లు. 1921లో అదే ప్రపంచానికంతటికీ ప్రమాణమైంది. దానిలో సగం ఇరవై ఒక్క కిలోమీటర్ల తొంభై ఏడున్నర మీటర్లు. ఎక్కడో ఒక కోట గుమ్మానికీ ఒక రాచపీఠానికీ నడుమ పుట్టిన కొలతను ఇవాళ మేడ్చల్ దగ్గర ఏ కోటా లేని మనుషులు తమ కాళ్ళతో కొలుచుకుంటున్నారు. రాజులు ఇచ్చిన దూరాన్ని ఇంతకంటే గొప్పగా ఎవరు సొంతం చేసుకోగలరు?

మన ఇళ్ళకు ఇరవై ఒకటి కొత్త లెక్కేమీ కాదు. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో దినం తొట్టెల. అంతవరకూ పురిటి గదిలో ఉన్న పసికందును చుట్టాలందరి ముందుకు తెచ్చి, ఉయ్యాలలో వేసి, చెవిలో పేరు చెప్పే రోజది. భాద్రపద శుద్ధ చవితికి వినాయకుడి ముందు పెట్టే పత్రి ఇరవై ఒకటి. బంగారం అడగని పూజ అది, పట్టు అడగని పూజ. చేను గట్టున, చెరువు కట్టన, కంచె పక్కన ఏది మొలిస్తే అది తెచ్చి దేవుడి పాదాల దగ్గర పెట్టమంటుంది. అందుకే పుట్టినరోజు హాఫ్ మారథాన్‌ను నేను పత్రిపూజ అంటాను. ఒక్కో కిలోమీటరూ ఒక్కో ఆకు. కొనుక్కొచ్చినవి చెల్లవు, మరొకరు కోసి ఇచ్చినవీ చెల్లవు. కాళ్ళు తీసుకెళ్ళి కోసినవే లెక్కకొస్తాయి.

మొదటి ఆకు గరిక. పాదం కింద నలిగేది, తొక్కినకొద్దీ మళ్ళీ లేచేది. మొదటి కిలోమీటర్లు గరికలాగే తగ్గి ఉండాలి. పండుగ పూట ఒంట్లో ఉత్సాహం పొంగుతుంది, కాళ్ళు ముందుకు దూకుతామంటాయి. ఆగు దేహమా. పక్కనున్నవాడితో మాట తడబడకుండా మాట్లాడగలిగే వేగంలోనే ఉండు. అనుభవం ఉన్నవాళ్ళంతా ఇదే చెబుతారు: మొదటి భాగంలో దాచుకున్నదే ఆఖరి భాగంలో తినేది.

ఆ తర్వాత ఉత్తరేణి. సర్వీసు రోడ్డు అంచున మోకాలి ఎత్తున నిలబడి, దగ్గరగా పోతే చాలు, గింజలతో సాక్సులను పట్టుకుంటుంది. ఏ పూజారీ చేతికివ్వకుండానే ఆ పత్రి తానే వెంట వచ్చి, పదిహేను కిలోమీటర్లు ప్రయాణం చేసి ఇల్లు చేరుతుంది. డివైడరు మీద గన్నేరు, హారన్ల మధ్య కూడా పూస్తూనే ఉంటుంది. ఎండిన కాలువ ఒడ్డున ఉమ్మెత్త. ఎవరూ నీళ్ళు పోయకపోయినా ఏపుగా ఎదిగే జిల్లేడు. రథసప్తమి నాడు తలమీదా భుజాల మీదా పెట్టుకుని స్నానం చేసే ఆకు అది, సూర్యుడికి ఇష్టమైనది. ఎనిమిదో తొమ్మిదో కిలోమీటరు దగ్గర, తూర్పున శామీర్‌పేట దిక్కు నుంచి ఎర్రటి వెలుగు మొదలయ్యే వేళకు జిల్లేడు ఆకుల మీది బూడిదరంగు పొడి మెరుస్తుంది. అటువైపే ఉంది శామీర్‌పేట చెరువు, దాని కట్ట మీద కాపలా తల్లి కట్ట మైసమ్మ. ఇక్కడికి కనబడకపోయినా, ఆ నీటి మీద వెలుగు పడిన కాసేపటికి మన ముఖాల మీద పడుతుందన్న తెలివిడి కాళ్ళకు బలం.

రేగు చెట్టు కనబడితే పుట్టినరోజు బిడ్డ తల వంచి మొక్కాలి. భోగి నాడు పిల్లల తలమీద పోసే పళ్ళు ఇచ్చేది అదే. ఎదగాలనీ, దిష్టి తగలకూడదనీ, సూర్యుడి చల్లని చూపు పడాలనీ పోసిన పళ్ళు. ఆ పళ్ళు దోసిట్లో ఏరుకుని తిన్న పిల్లవాడే ఇవాళ నెరిసిన జుట్టుతో పన్నెండో కిలోమీటరు దాటుతున్నాడు.

ఏ నెలలో పుడితే ఆ నెల దారి నీకు దక్కుతుంది. ఈ సంగతిలో పుట్టుకే నిర్ణేత, ఎవరి మాటా చెల్లదు. పుష్యంలో పుట్టినవాళ్ళకు గౌడవెల్లి పొగమంచు ఇస్తుంది, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కే చలి ఇస్తుంది, ఎవరో వేసుకున్న చలిమంట దగ్గర ఒక్క నిమిషం వెచ్చదనం ఇస్తుంది. పరుగుకు అంతకంటే మంచి కాలం దక్కనులో లేదు. ఫాల్గుణంలో పుట్టినవాళ్ళకు ఆకు రాల్చిన మోదుగ కొమ్మల మీద నిప్పు రంగు పూలు. వైశాఖం బిడ్డలది కష్టమైన అదృష్టం. నాలుగింటికే బయల్దేరాలి, ఏడింటికల్లా ముగించాలి, సీసాలో నీళ్ళతో పాటు చిటికెడు ఉప్పు, ఇంత పంచదార ఉండాలి. తెల్లవారుజామున కూడా రోడ్డు నిన్నటి వేడిని వదిలి ఉండదు. తల తిరిగితే ఆగిపోవాలి, ఆగడం కూడా దేహాన్ని గౌరవించడమే. ఆషాఢం వాళ్ళకు తొలకరి తడి వాసన, బోనాల డప్పు. భాద్రపదం వాళ్ళకు నిజంగానే చేతికి అందేంత పత్రి. ఇక బతుకమ్మ రోజుల్లో పుట్టినవాళ్ళను చూస్తే నాకు అసూయ. తంగేడు, గునుగు రెండు పక్కలా పూసి, పసుపూ వెండీ కలిపి పరిచినట్టు ఉన్న దారి మీద పరుగు తీసే భాగ్యం వాళ్ళది. పూలు కోయడానికి పొద్దున్నే సంచులు పట్టుకుని వచ్చిన ఆడపిల్లలు పక్కకు జరిగి దారి ఇస్తారు, "ఎంత దూరం ఉరుకుతున్నవన్నా?" అని అడుగుతారు.

పుట్టినరోజుకు పూర్తి మారథాన్ ఎందుకు కాదు, ఐదు కిలోమీటర్లు ఎందుకు కాదు అని అడిగేవాళ్ళకు దేహమే జవాబు చెబుతుంది. మన కండల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో దాచిన నిల్వ ఉంది, సుమారు నాలుగైదు వందల గ్రాములు. అది మన ఒంట్లోని గాదె. దానిలోంచి వచ్చే శక్తి రెండు వేల కేలరీలకు అటూ ఇటూ. పరుగులో కిలో బరువుకు కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. అరవై ఐదు కిలోల మనిషికి హాఫ్ మారథాన్ ఖర్చు పద్నాలుగు వందల లోపు. మారథాన్ అయితే దానికి రెట్టింపు. అందుకే ముప్ఫయ్యో కిలోమీటరు దాటాక నిల్వ నిండుకుని, గోడకు గుద్దుకున్నట్టు నిలబడిపోయేవాళ్ళు ఉంటారు. హాఫ్‌లో మాత్రం గాదె అడుగు కనబడేలోగా ఇల్లు చేరతాం. ఎవరి దగ్గరా అప్పు చేయకుండా, నిన్నటి దాకా తిన్న జొన్నరొట్టె, అన్నం, పప్పు, బెల్లం మీద నడిచే దూరం ఇది. సుఖంగా ఉండనివ్వదు, కూల్చదు కూడా. నా లెక్కలో ఒక్క రోజు వేడుకకు ఇంతకంటే తగిన కొలత లేదు.

గుండె, నీకు వేరే స్తోత్రం కావాలి. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేది నీ గరిష్ఠ వేగమని పాత లెక్క ఒకటి ఉంది. ఉజ్జాయింపు లెక్కే, అయినా దాని ప్రకారం ప్రతి పుట్టినరోజూ నీ పై అంచు నుంచి ఒక్క కొట్టుకోవడాన్ని తగ్గించి వెళ్తుంది. తగ్గనీ. ఇవాళ రెండున్నర గంటల పాటు నిమిషానికి నూట యాభై చొప్పున కొట్టుకుంటే ఇరవై రెండు వేలు దాటుతాయి. తీసుకుపోయిన ఒక్కదానికి బదులుగా ఇరవై రెండు వేలను దారి పొడవునా చల్లుకుంటూ పోవడం చూసి కాలం ఏమనుకుంటుందో అనుకోనీ. అభ్యాసం చేసిన గుండె ఒక్కో కొట్టుకోవడంలో ఎక్కువ రక్తాన్ని నెడుతుంది, తీరిక వేళ నెమ్మదిగా కొట్టుకుంటుంది. వారాల తరబడి ఆదివారం లాంగ్ రన్లు, నడుమ తేలికపాటి పరుగులు, కొద్దికొద్దిగా పెంచుకున్న దూరాలు అన్నీ ఆ గుండె కోసమే. పుట్టినరోజు ఒక్క పూటది కావచ్చు, దాని వెనక మూడు నెలల తెల్లవారుజాములు ఉన్నాయి.

ఈ దారి మీద మనకంటే ముందు లేచినవాళ్ళున్నారు. కానిస్టేబుల్ కొలువు కోసం 'ఈవెంట్స్'కు తయారయ్యే పిల్లలు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్ళు 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో, ఆడవాళ్ళు 800 మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో ముగించాలి. ఒక్క సెకను తేడాతో ఇంటి తలరాత మారుతుంది. వేలకు వేలు పోసి బూట్లు కొనేవాళ్ళు రాకముందు తెలంగాణ పల్లె రోడ్లన్నీ ఈ పిల్లలవే. అడుగు అరిగిపోయిన బూట్లతో, కొన్నిసార్లు వట్టి పాదాలతో, ఒకడి చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్, మిగతావాళ్ళు దుమ్ములో గీసిన గీత వెనక. వాళ్ళను దాటే శక్తి పుట్టినరోజు పరుగుకు లేదు, వాళ్ళే మనల్ని దాటిపోతారు. దాటుతూ "సార్, హ్యాపీ బర్త్‌డే" అని ఒకడు కేకేస్తే, ఆ మాట ఎక్కడ విన్నాడో గానీ, చెయ్యెత్తి దండం పెట్టాలి. మన వేడుక వాళ్ళ జీవనపోరాటం నడిచే దారి మీదనే జరుగుతోందని మరిచిపోకూడదు.

చీకట్లో గుంపుగా పరిగెత్తే ఆడవాళ్ళకు కూడా దండం. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ చేరడానికి 1984 దాకా పట్టింది. 1967లో బోస్టన్‌లో క్యాథ్రిన్ స్విట్జర్ 261వ నంబరుతో పరిగెత్తుతుంటే నిర్వాహకుడే వచ్చి నంబరు లాగబోయాడు. యాభై ఏళ్ళ తర్వాత, డెబ్బై ఏళ్ళ వయసులో, ఆమె అదే నంబరుతో అదే దారిలో మళ్ళీ మారథాన్ పూర్తిచేసింది. ఇక్కడ మన దగ్గర, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి ఉంది. పుట్టిన తీరు చూసి, రూపం చూసి చుట్టుపక్కలవాళ్ళు బిడ్డను ఎగతాళి చేశారని తల్లి చెప్పుకుంది. ఆ బిడ్డ 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం తెచ్చింది. పుట్టుకను తప్పుపట్టినవాళ్ళందరి ఎదుట ఆ పుట్టుకనే పండుగ చేసి చూపిన పరుగు అది. నేనైతే పుట్టినరోజు పరుగు మొదలుపెట్టే ముందు ఆమె పేరు తలుచుకుంటాను.

పుట్టినరోజే తెలియనివాళ్ళ మాటేమిటి? మన పెద్దల్లో సగం మందికి ఉన్నది బడిలో చేర్పించేటప్పుడు సారు రాసిన తేదీ. అందుకే ఒక తరం తరమంతా జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టినట్టు కాగితాల్లో ఉంటుంది. అసలు సంగతి అడిగితే "పోలీస్ యాక్షన్ నాటికి చంకల పిల్లను" అంటుంది నానమ్మ. అంటే 1948 సెప్టెంబరు. "పెద్ద కరువు ఏడాది", "మన చెరువు తెగిన ఏడాది" అంటారు ఇంకొకరు. తిథి గుర్తుంటుంది, నక్షత్రం గుర్తుంటుంది, తేదీ ఉండదు. పంజాబ్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళిన ఫౌజా సింగ్ కథా ఇదే. పాస్‌పోర్టులో 1911 ఏప్రిల్ 1 అని ఉంది. ఎనభై తొమ్మిదేళ్ళకు, 2000లో, లండన్‌లో మొదటి మారథాన్ పరిగెత్తాడు. 2011 అక్టోబరులో, నూరేళ్ళు నిండిన ఏడాది, టొరంటోలో ఎనిమిది గంటలకు పైగా నడుస్తూ ఉరుకుతూ మారథాన్ పూర్తిచేశాడు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ పుస్తకం ఆ రికార్డును ఎక్కించుకోలేదు. కాగితం లేకపోతేనేం, కాళ్ళు సాక్ష్యం చెప్పాయి. నూరేళ్ళు నువ్వు బతకాలి అని మనం నోటితో దీవిస్తాం, ఆయన ఆ దీవెనను 42 కిలోమీటర్లు మోసుకుపోయాడు. 2025 జూలై 14న, జలంధర్ దగ్గరి సొంత ఊళ్ళో రోడ్డు మీద నడుస్తుండగా వాహనం ఢీకొని పోయాడు.

దారీ, నిన్ను అందుకే వేడుకుంటున్నాను. టిప్పరు నడిపే అన్నలారా, పాలవ్యాను తమ్ముళ్ళారా, రాత్రంతా మేలుకుని కళ్ళు మండుతున్న లారీ డ్రైవర్లారా, వంపు దగ్గర ఒక్కసారి లైటు కొట్టండి. మేము కూడా మెరిసే జాకెట్టు వేసుకుంటాం, వచ్చే బండ్లకు ఎదురుగా, అంచున ఉరుకుతాం, చెవుల్లో పాటలు పెట్టుకోం. కంచెల దగ్గర కాపలా కాసే కుక్కలకు పరుగు ఆపి, నెమ్మదిగా నడిచి దారి ఇస్తాం. పుట్టినరోజు నాడు ఇంటినుంచి బయల్దేరినవాళ్ళు అదే కాళ్ళతో ఇల్లు చేరాలి.

పడుచువాళ్ళ పుట్టినరోజు పరుగు ఒకటి చెప్పాలి. ఉగాండా కుర్రవాడు జాకబ్ కిప్లిమో 2000 నవంబరు 14న పుట్టాడు. ఇరవై ఒకటి నిండిన వారానికి, 2021 నవంబరు 21న, లిస్బన్‌లో హాఫ్ మారథాన్‌ను 57 నిమిషాల 31 సెకన్లలో ముగించి అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్ళు, ఇరవై ఒక్క కిలోమీటర్లు, ఇరవై ఒకటో తేదీ. మనం తీసుకునే సమయంలో సగం కూడా అతనికి పట్టలేదు. అయినా అతను తొక్కిన దూరం ఇదే, ఒక్క మీటరు కూడా తేడా లేదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరిగే ఆదివారం నెక్లెస్ రోడ్డు నుంచి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి చేరేవాళ్ళదీ ఇదే దూరం. వాళ్ళకు ఛాతీ మీద బిబ్ ఉంటుంది, దారిలో నీళ్ళ బల్లలుంటాయి, ముగింపులో మెడలో పతకం పడుతుంది. గౌడవెల్లి పుట్టినరోజు పరుగులో నీళ్ళ బల్ల అంటే స్కూటీ మీద వచ్చిన చెల్లెలు. చేతిలో అరటిపళ్ళ అత్తం, డిక్కీలో మజ్జిగ సీసా, "ఇంకా ఎంతుందన్నా?" అనే ప్రశ్న.

పదహారు దాటాక మాటలు ఆగుతాయి. తొడలు బరువెక్కుతాయి, ఒక్కో అడుగులో ఒంటి బరువుకు రెండు మూడింతలు నేల మీద పడుతుంది, నేల దాన్ని తిరిగి కాళ్ళకే ఇస్తుంది. మొత్తం ఇరవై వేలకు పైగా అడుగులు. ఈ భాగంలో పత్రి కోయడం కష్టం. వావిలి దొరుకుతుంది, ఒళ్ళునొప్పులకు నీళ్ళలో వేసి కాచుకునే ఆకు, దాని వాసన తగిలితేనే సగం సాంత్వన. ఊరి మొదట్లో రావి, గాలి లేకున్నా కదిలే ఆకుతో. ఆ పైన జమ్మి. దసరా నాడు చేతిలో పెట్టి 'బంగారం' అని, గుండెకు హత్తుకుని అలయ్ బలయ్ తీసుకునే ఆకు. వెంట ఉరికినవాళ్ళు ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసినప్పుడు చెమట చెమటను కలుస్తుంది. ఆ జమ్మిని అంతకంటే బాగా ఎవరూ పంచుకోలేరు. ఒక్క ఏడాదిలో మనం పోట్లాడినవాళ్ళు, మాట మానేసినవాళ్ళు కూడా ఆ ఇరవయ్యో కిలోమీటరు దగ్గర గుర్తొస్తారు. ఇంటికి పోయి ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయాలి.

ఇరవై ఒకటి పూర్తయింది. గడియారం టిక్కుమంది. ఇంకా తొంభై ఏడున్నర మీటర్లున్నాయి.

వీటిని అమ్మకు ఇవ్వాలి. పుట్టినరోజున మొదట కష్టపడింది ఆమె. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు దాటడం మామూలే. ఆమెకు బిబ్ లేదు, పేసర్ లేడు, ఎంత దూరం మిగిలిందో చెప్పే రాయి లేదు. మంత్రసాని చేతిని పట్టుకుని, ఆస్పత్రి మంచం కమ్మీని పట్టుకుని, కొన్నిసార్లు ఏమీ పట్టుకోకుండా ఆమె ఆ దూరం దాటింది. ఆ రోజు మన వంతు ఏడవడం ఒక్కటే. ఏటా ఆమె చేసిన పనికి మనం పళ్ళెంలో కేకు ముక్క పెట్టి ఇస్తున్నాం. ఈ తొంభై ఏడున్నర మీటర్లలో ఊపిరి అందదు, డొక్కలో పోటు ఉంటుంది, కళ్ళల్లోకి ఉప్పు దిగుతుంది. ఆమె పడ్డదానికి ఇది సరితూగదు, సరితూగాలని పరిగెత్తడమూ లేదు. ఆమె నొప్పి పడి ఇచ్చిన ఒంటిని మూలన పెట్టలేదని, చివరి మీటరు దాకా వాడుకున్నానని చెప్పుకోవడానికి మాత్రమే. అమ్మా, చూడు, నువ్విచ్చిన మోకాళ్ళు ఇంకా పని చేస్తున్నాయి.

ఇల్లు చేరాక గోరువెచ్చటి నీళ్ళ తలంటు. కొత్త చొక్కా. పెద్దల కాళ్ళకు మొక్కాలి, కానీ తొడలు వంగనంటాయి. గోడ పట్టుకునైనా వంగాలి, ఇవాళ ఆ వంగడం నిజంగా ఒళ్ళు వంచినదే.

"చల్లగుండు బిడ్డా. ఎంత దూరం ఉరికినవ్?"

"ఇరవై ఒక్క కిలోమీటర్లమ్మా."

"అంటే ఏడిదాక?"

రైలు దారిన అయితే దాదాపు మల్కాజిగిరి దాకా అని చెబితే, బొల్లారం, అమ్ముగూడ అంటూ స్టేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఆమె వంటింట్లోకి కేక వేస్తుంది. గాదె సగానికి పైగా తరిగిందిప్పుడు. పులిహోర సిద్ధం, పాయసం సిద్ధం, ఉల్లిగడ్డ పచ్చిపులుసు కూడా. ఇరవై ఒక్క ఆకులు దారి మీద సమర్పించాం. ఇరవై రెండోది మోదుగాకు విస్తరి. వడ్డించండి, మళ్ళీ మళ్ళీ వడ్డించండి!